రక్తం బాగుపడింది, మరి నరం? యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో ఒక కంటి పాఠం

ప్రతి ఏడాదీ జనవరి 12 రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫొటో తిరుగుతుంది. భీమవరంలో పుట్టాడు, ఏటీపీ కనిపెట్టాడు, నోబెల్ రాలేదు, అమెరికాలోనే చనిపోయాడు. నాలుగు ముక్కలు, కింద రెండు దండాల బొమ్మలు, అంతే. మర్నాడు ఇంకొకరి ఫొటో వస్తుంది.

నాకు మాత్రం ఆయన కథ వేరే దారిలో దగ్గరైంది. నేను బహ్రెయిన్‌లో, ముహర్రఖ్ దీవిలోని అరాద్‌లో ఉంటాను. ఇక్కడే ఒక కళ్లజోళ్ల షాపులో చాలా ఏళ్లుగా చూపు పరీక్షలు చేస్తున్నాను. డాక్టర్ని కాను. పవర్ చూడడం, అద్దాలు రాయడం, అనుమానం వస్తే కంటి డాక్టరు దగ్గరికి పంపడం నా పని. ఎయిర్‌పోర్ట్ పక్కనే కదా, రాత్రి షిఫ్టులు చేసే మనవాళ్లు డ్యూటీ దిగి నేరుగా వస్తారు. అక్షరాలు మసకగా ఉన్నాయనో, ఎరుపు రంగు వెలిసినట్టు కనబడుతోందనో, వంగి లేస్తే కళ్ల ముందు క్షణం సేపు చీకటి కమ్ముతోందనో చెబుతారు. చివరికి అందరిదీ ఒకటే కోరిక, అద్దాలు మార్చమని.

చాలామందికి అద్దాలు మారిస్తే సరిపోతుంది. కొందరికి సరిపోదు. ఏ అద్దం పెట్టినా చార్టులో కింది వరసలు చదవలేరు. కన్ను పైకి శుభ్రంగానే ఉంటుంది. అలాంటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ మాత్రలు వాడుతున్నారు అని. వాళ్లు చెప్పే జాబితాలో సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచి వచ్చిన మందో, దాని పిల్లో మనవరాలో ఒకటి తరచుగా ఉంటుంది. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని నా కుర్చీ వైపు నుంచి చెప్పాలనిపించింది. ఆయన గొప్పతనం తెలుస్తుంది, మన ఇంట్లో ఎవరి చూపైనా కాపాడుకునే దారీ తెలుస్తుంది.

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే వదిలేయడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద పెద్ద ధ్యాస లేదు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని చిన్నతనంలో ఇంట్లోంచి బయల్దేరాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో చదివి, చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. మన పిల్లలు ఒక పరీక్షలో తప్పితే ఇల్లంతా మూగపోయే రోజులివి, ఈ ఒక్క సంగతి వాళ్లకు చెప్పినా మంచిదే.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ పైన మద్రాసు మెడికల్ కాలేజీ. స్నేహితులు సాయం చేశారు. తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూడా చదువుకు అండగా నిలిచారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు వేసుకున్నారు. శస్త్రచికిత్స తరగతికీ ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. అది తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఆయన మనసును తిప్పిన సంఘటన పరీక్షల్లో లేదు, ఇంట్లో జరిగింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అంటే పేగు తిన్నది పట్టించుకోకపోవడం. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, చివరికి మనిషి ఎముకల గూడు అవుతాడు. తిండి ఉన్నా ఒంటికి పట్టదు. ఆ రోజుల్లో దానికి మందు లేదు, కారణమూ తెలియదు. తిండిలోంచి ఒంటికి అందాల్సిన ఏదో ఒకటి అందక మనిషి కరిగిపోతాడన్న విషయం ఆయన తన ఇంట్లోనే చూశారు. తర్వాత ఆయన చేసిన పనిలో చాలా భాగం ఆ ఏదో ఒకటి కోసం వెతుకులాటే.

బోస్టన్ రాత్రులు, కణంలోని ఇంధనం

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరిగారిని ఇంటిదగ్గరే వదిలి వెళ్లారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి డబ్బు వెంట ఉన్నాయి కానీ అవి ఎన్నాళ్లు వస్తాయి? పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల చదువు, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. గల్ఫులో మనవాళ్లు చాలామందికి ఈ బతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. డిగ్రీ ఒకటి, చేసే పని ఇంకొకటి, ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం అంతా బాగుంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, రక్తంలోను మూత్రంలోను ఫాస్పరస్ ఎంతుందో రంగు తేడాతో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. కండరం బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని చెప్పినవారికి 1922లోనే నోబెల్ వచ్చింది. ఆ లెక్క తప్పని ఈ పదార్థాలు తేల్చాయి. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకోవడంతో పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఎక్కువ కనబడుతుంది. సుబ్బారావుగారికి 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన పదవి మాత్రం రాలేదు.

ఇక్కడ కంటి విషయం ఒకటి చెప్పాలి. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు. ఒంట్లో ఆ ఖర్చు విపరీతంగా ఉండే చోట్లలో కంటి వెనకున్న రెటీనా ఒకటి. అక్కడి నుంచి సుమారు 10 లక్షల సన్నటి తంతువులు ఒక కట్టగా మెదడుకు వెళ్తాయి. అదే కంటి నరం. పేరుకు కంటిదే కానీ నిజానికి అది మెదడులో భాగం, మెదడే ముందుకు చాచిన చెయ్యి లాంటిది. అందుకే మెదడుకూ నరాలకూ వచ్చే కష్టం చాలాసార్లు ముందుగా చూపులో కనబడుతుంది. ఆ కట్టలో కూడా మనం చదవడానికి, రంగులు గుర్తించడానికి వాడే మధ్యభాగపు తంతువులు మరీ సన్నవి. ఇంధనం తగ్గినా, విటమిన్ తగ్గినా, మందుల విషం తగిలినా మొదట కుంగేవి అవే. ఎరుపు వెలిసిపోవడం, ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసక పడడం, అంచులు మాత్రం బాగానే కనబడడం దానికి గుర్తు. రెండు కళ్లూ దాదాపు ఒకేలా, నొప్పి లేకుండా, నెలల మీద తగ్గుతాయి. నొప్పి లేకపోవడమే ఇందులో మోసం, ఎవరూ తొందరపడరు.

కాలేయంలో దాగిన రెండు విటమిన్లు

1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు, అంతవరకు ప్రాణాంతకమైన ఒక రక్తహీనతకు రోజూ కాలేయం తినిపిస్తే తగ్గుతుందని చూపించారు. దాన్ని పెర్నీషియస్ అనీమియా అంటారు. 1934లో విపుల్‌తో కలిపి వాళ్లకు నోబెల్ వచ్చింది. మరి కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏమిటి? సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఉండగానే ఆ వెతుకులాటలో దిగారు. అంతకు ముందే మన బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని తేల్చారు. కాలేయంలో ఒకటి కాదు, రక్తానికి పనికొచ్చే విటమిన్లు రెండున్నాయి. ఒకటి ఫోలిక్ యాసిడ్, ఇంకొకటి బీ12. అవి రెండూ వేరని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ తర్వాతి 8 ఏళ్లలో ఆయన కింద జరిగిన పని చూస్తే తల తిరుగుతుంది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దాని నిర్మాణాన్ని కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను మొదటిసారి కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగారు. దానికి చెల్లెలైన మెథోట్రెక్సేట్ ఇవాళ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు వచ్చినవారికి ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్, లెడర్లీ పెట్టిన పేరు హెట్రాజాన్, అదీ అక్కడిదే. బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, అదీ ఆ గోడల మధ్యే పుట్టింది.

ఫోలిక్ యాసిడ్ బయటికి రాగానే డాక్టర్లు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పూత మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. ఇంట్లో ఇద్దరిని మింగిన జబ్బుకు ఆయన బృందం చేతుల మీదుగా మందు దొరికింది. ఇంతటి సంతోషం పరిశోధకులకు అరుదు. ఇక్కడ ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. వాట్సాప్ ఫొటోలన్నీ ఇక్కడే ఆగుతాయి.

రక్తం పెరిగింది, నడక తప్పింది

అదే ఉత్సాహంతో పెర్నీషియస్ అనీమియా రోగులకూ ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. రక్తం పెరిగింది. పాలిపోయిన ముఖాలు ఎర్రబడ్డాయి. కాలేయం తినే బాధ తప్పిందనుకున్నారు. కానీ కొద్ది నెలల్లోనే కొందరు రోగుల్లో పాదాలు తిమ్మిరెక్కడం, నడక తూలడం మొదలైంది. కొందరికి అంతకు ముందు లేని నరాల జబ్బు చాలా వేగంగా ముదిరింది. రక్తపరీక్ష బాగుందని కాగితం చెబుతోంది, మనిషి మాత్రం గోడ పట్టుకుని నడుస్తున్నాడు. 1940ల చివరికల్లా వైద్యలోకానికి విషయం అర్థమైంది. ఆ రోగులకు లోపించింది ఫోలిక్ యాసిడ్ కాదు, బీ12. 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థల శాస్త్రవేత్తలు కాలేయం నుంచి ఎర్రటి స్ఫటికాలుగా బీ12ని విడదీశారు.

ఎందుకలా జరిగింది? రక్తకణాలు తయారయ్యే పనిలో ఈ రెండు విటమిన్లూ జంటగా నడుస్తాయి. బీ12 లేకపోయినా ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా పోస్తే ఆ పని ఎలాగో సాగిపోతుంది. కానీ నరం చుట్టూ కరెంటు తీగకు తొడుగులా ఉండే మైలిన్ పొరను నిలబెట్టడానికి బీ12 ఉండాల్సిందే, ఆ పని ఫోలిక్ యాసిడ్ చెయ్యలేదు. కాబట్టి రక్తం బాగుపడి, అనుమానం పోయి, లోపల నరం అలాగే పాడవుతుంది. ఆ నరాల్లో వెన్నుపాము ఉంది, కాళ్ల నరాలున్నాయి, కంటి నరమూ ఉంది.

ఇది ఆయన లోపమని నేను అనను. ఫోలిక్ యాసిడ్ గొప్ప మందే. గర్భం దాల్చే ముందు నుంచీ మొదటి నెలల్లో రోజూ 400 మైక్రోగ్రాములు తీసుకుంటే పుట్టే బిడ్డకు వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడని లోపాలు బాగా తగ్గుతాయి. ఇక్కడ మనం కొనే ఖుబూస్ రొట్టెల పిండిలోనూ ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలుపుతున్నారు. ఇది చదివి గర్భిణులు ఎవరూ మాత్ర మానకండి. నేను చెప్పేది ఒకటే. నీరసంగా ఉందని, పాలిపోయామని, ఎవరో చెప్పారని రక్తం టానిక్కు సీసాల మీద సీసాలు తాగుతూ, బీ12 ఎంతుందో ఒక్కసారీ చూపించుకోకపోతే, 1940ల నాటి ఆ రోగుల దారిలోనే మనమూ నడుస్తాం. అప్పుడు వాళ్లకు తెలియదు. ఇప్పుడు మనకు తెలుసు.

మనవాళ్లలో ఈ ముప్పు ఎవరికి ఎక్కువ? మొక్కల నుంచి వచ్చే తిండిలో బీ12 ఉండదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది. కాబట్టి శాకాహారులు, అందులోనూ పాలూ పెరుగూ తక్కువ తీసుకునేవారు ముందు వరసలో ఉంటారు. రెండోవారు మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు. ఆ మాత్ర బీ12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. మూడోవారు గ్యాస్ మాత్రలు, అంటే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఏళ్లకేళ్లు మింగేవారు. వయసు పైబడినవారు, కడుపుకో పేగుకో ఆపరేషన్ అయినవారు ఆ తర్వాత. హమూర్ చేప వారానికి మూడుసార్లు వండుకునే ఇంట్లో కూడా మెట్‌ఫార్మిన్ పదేళ్ల నుంచి వాడే మనిషి ఉంటే పరీక్ష చేయించాల్సిందే. షుగరున్నవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కితే షుగరు వల్లే అనుకుంటారు, చూపు తగ్గితే అదీ షుగరే అనుకుంటారు. షుగరు కావచ్చు. దాని పక్కన బీ12 లోపం కూడా ఉండొచ్చు. మొదటిదాన్ని పూర్తిగా తీసేయలేం, రెండోదాన్ని సరిచేయగలం. తొందరగా పట్టుకుంటే చూపు చాలావరకు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే పోయినంత పోతుంది.

ఇంట్లో గమనించగలిగిన గుర్తు ఒకటుంది. బేసిన్ దగ్గర కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు ఒళ్లు తూలుతోందా? చీకట్లో నడిస్తే నేల తెలియనట్టు ఉంటుందా? పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాలు దెబ్బతింటే మనం కళ్లతో నెట్టుకొస్తాం. కళ్లు మూయగానే గుట్టు బయటపడుతుంది. మసక చూపు, పాదాల తిమ్మిరి, ఈ తూలడం మూడూ కలిసి ఉంటే అద్దాల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ ప్రయోగశాల నుంచే మరో రెండు మందులు

ఆరియోమైసిన్ మొదలుపెట్టిన కుటుంబం ఇవాళ చాలా పెద్దది. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ ఆ కుటుంబంలోవే. మినోసైక్లిన్ కూడా లెడర్లీ సంస్థదే. మంచి మందులు. ఇవి వాడేవారిలో కొద్దిమందికి మాత్రం మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి కంటి నరాన్ని వెనక నుంచి నొక్కుతుంది. వయసులో ఉన్న ఆడపిల్లల్లో, ముఖ్యంగా ఒళ్లు కాస్త ఎక్కువగా ఉన్నవారిలో ఇది ఎక్కువ. తలనొప్పి, వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు చూపు బూడిద రంగులోకి పోవడం, ఒక్కోసారి వస్తువులు రెండుగా కనబడడం, చెవిలో నాడి కొట్టుకున్నట్టు హోరు, ఇవీ గుర్తులు. పరీక్షల చదువు, ఫోను, నిద్రలేమి అని అమ్మానాన్నలు సరిపెట్టుకుంటారు. కంటి డాక్టరు మందు చుక్కలు వేసి కంటి లోపలికి చూస్తే నరం వాపు అక్కడికక్కడే తెలుస్తుంది. కళ్లజోడు పవర్ పరీక్షలో అది తెలియదు. మొటిమలకు విటమిన్ ఏ జాతి మాత్ర ఇంకొకటి కూడా వాడుతుంటే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది, అందుకే రెండూ కలిపి ఇవ్వరు. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకునే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండోది ఎథాంబ్యుటాల్, క్షయకు వాడే మాత్ర. సుబ్బారావుగారు పోయిన చాలా ఏళ్లకు, 1961లో, లెడర్లీలోనే దీన్ని కనుగొన్నారు. ఇది కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎరుపు–ఆకుపచ్చ తేడా ముందుగా పోతుంది. మోతాదు ఎక్కువైనా, కిడ్నీ బలహీనంగా ఉన్నా ముప్పు పెరుగుతుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు చూపూ రంగులూ పరీక్షించుకోవాలి, వాడుతున్నన్నాళ్లూ మధ్యమధ్యలో చూపించుకోవాలి. రంగు తేడా అనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి. క్షయ మందులు మొత్తం మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకో ప్రమాదం.

వీటిని ఇంట్లో కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. ఒక ఎర్రటి సీసా మూత ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్నుతో చూడండి. ఒక కంటికి ఎరుపు ముదురుగా, రెండో కంటికి ఇటుక రంగులో వెలిసినట్టు ఉంటే అనుమానించాలి. నా షాపులో రంగు చుక్కల పుస్తకం చూపించేదీ ఇందుకే. విటమిన్ లోపం, మందుల విషం లాంటివాటిలో మాత్రం రెండు కళ్లూ సమానంగా వెలుస్తాయి. అప్పుడు పోల్చుకోవాల్సింది పోయిన ఏడాది చూపుతో.

పనిలోనే ముగిసిన జీవితం

1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. ఎర్రటి బీ12 స్ఫటికాలు లోకానికి తెలిసి అప్పటికి కొన్ని నెలలే అయింది. ఆరియోమైసిన్ అప్పుడే బయటికి వస్తోంది. ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్ ఫలితాలు ఆ వేసవిలోనే అచ్చయ్యాయి. తను నాటినవి కాపుకొచ్చే ఏడాదే వెళ్లిపోయారు. 26 ఏళ్ల దాకా విదేశంలో ఉన్నా ఇంటికి మళ్లీ రాలేదు. శేషగిరిగారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. ఫలితం బాగుంది కదా అని ఆయన ఆగలేదు. కండరం కదిలితే చాలనుకోలేదు, ఏ పదార్థం ఖర్చయి కదిలిందో కొలిచారు. కాలేయం తింటే తగ్గింది కదా అనుకోలేదు, కాలేయంలో ఏముందో విడదీయబోయారు. మనం మాత్రం మన ఒంటి విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. తలనొప్పికి మాత్ర వేస్తే తగ్గింది, చాలు. అద్దం మారిస్తే కాస్త మెరుగు, చాలు. సెలవు దొరకదు, అపాయింట్‌మెంటు దూరం, ఊరెళ్లినప్పుడు చూపించుకుందాం. ఊరెళ్లేది రెండేళ్లకోసారి. కంటి నరం రెండేళ్లు ఆగదు.

ఆగకూడనివి, ఆగగలిగినవి

చూపులో వచ్చే ప్రతి మెరుపూ మెదడు జబ్బు కాదు, భయపడక్కర్లేదు. వంకర గీతల మెరుపు ఒకటి రెండు కళ్లలోనూ మొదలై, 20, 30 నిమిషాల్లో అంచులకు పాకి, తగ్గాక తలనొప్పి వచ్చిందంటే అది సాధారణంగా మైగ్రేన్. నిద్ర, ఎండ, ఆకలి దీన్ని రేపుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ బయట పనిచేసేవారికి నీళ్లు తగ్గితే ఇంకా ఎక్కువ. అయితే అదే మెరుపు జీవితంలో మొదటిసారి 50 దాటాక వస్తే, గంటకు మించి ఉంటే, మైగ్రేనే అని మీరు తేల్చేయకండి.

ఒకే కంట్లో కొత్తగా నల్లని చుక్కల వాన, అంచున మెరుపులు, తెర దిగినట్టు ఉండడం రెటీనా ఊడుతోందనడానికి గుర్తు. అది నరం సంగతి కాకపోయినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. వయసులో ఉన్నవారికి ఒక కంట్లో రోజుల మీద చూపు తగ్గి, కన్ను కదిపితే నొప్పి ఉంటే కంటి నరం వాచి ఉండొచ్చు. దాని వెనక మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బు ఉందేమో న్యూరాలజిస్టు చూడాలి. రెండు పక్కలా తలుపు చట్రాలకు భుజాలు తగులుతుంటే, ఎదురుగా మాత్రం బాగానే కనబడుతుంటే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఉబ్బి నరాన్ని నొక్కుతోందేమో చూపించుకోవాలి.

హఠాత్తుగా వచ్చేవాటికి మాత్రం ఆలోచన పనికిరాదు. ఉన్నట్టుండి చూపులో సగభాగం పోవడం, ఒక కన్ను కొద్ది నిమిషాలు పూర్తిగా చీకటై తిరిగి రావడం, వస్తువులు రెండుగా కనబడుతూ రెప్ప వాలిపోవడం, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి జారిపోవడం. వీటిలో ఏది వచ్చినా, తర్వాత తగ్గిపోయినా, బహ్రెయిన్‌లో 999కి ఫోన్ చేయాలి. ఊళ్లో అమ్మకో నాన్నకో అయితే 108. వచ్చి పోయిందంటే బాగుపడ్డట్టు కాదు, పెద్దది రాబోతోందని చెప్పి వెళ్లినట్టు.

ఇక మిగిలింది మనలాంటివారికి అసలు పని. మనం ఇక్కడ ఉంటాం, అమ్మానాన్నలు అక్కడ ఉంటారు. వీడియో కాల్‌లో ముఖం ఎర్రగా కనబడితే బాగున్నారనుకుంటాం. అప్పుడు కూడా నాలుగు ప్రశ్నలు అడగండి. పేపరు చదవగలుగుతున్నావా? చీర అంచు రంగు మునుపటిలాగే కనబడుతోందా? కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటే తూలుతున్నావా? షుగరు మాత్ర ఎన్నేళ్ల నుంచి వేస్తున్నావు? జవాబుల్లో ఏదైనా తేడా అనిపిస్తే ఊళ్లోని ల్యాబులో బీ12 పరీక్ష రాయించండి, కంటి డాక్టరుకు నరం చూడమని ప్రత్యేకంగా చెప్పించండి. ఇక్కడి నుంచి ఊరెళ్లే వాళ్లతో టానిక్కు సీసాలు పంపేముందు ఆ ఒక్క పరీక్ష కాగితం ఫోనులో తెప్పించుకుని డాక్టరుకు చూపించండి. ఏం పంపాలో దాన్నిబట్టి తెలుస్తుంది.